నానో పరిశోధన: ఏది రహస్యం, ఏది కాదు?

(హన్మకొండ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: సార్, 2007లో కేంద్రం నానో మిషన్‌కు, అంటే అతి సూక్ష్మ కణాల మీద పరిశోధనకు, ఐదేళ్లకు 1000 కోట్లు ఇచ్చింది. జనం డబ్బే కదా, ఏం కనిపెడుతున్నారో జనానికి చెప్తే ఏంటి ఇబ్బంది?

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్: అన్నీ చెప్పలేరమ్మా. రాడార్‌కు చిక్కని పూత ఎలా చేశారో బయటపెడితే ఇంకేముంది? అందుకే పేటెంట్ చట్టంలో 35వ సెక్షన్ పెట్టారు. రక్షణకు పనికొచ్చేదైతే దాని వివరాలు బయటికి రాకుండా ఆపొచ్చు. అమెరికాలో అయితే 1951 నుంచే ఇలాంటి చట్టం ఉంది.

లాయర్: డిఫెన్స్‌తో నాకు పేచీ లేదు సార్. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప. నా గొడవంతా నానో యూరియా సీసాతోనే, అదే ఆకుల మీద పిచికారీ చేసే ద్రవ ఎరువుతోనే.

రైతు: అది నన్నడగండి. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీ ముందు తెల్లారకముందే చెప్పులు లైన్లో పెట్టాం. తీరా చూస్తే బస్తాతో పాటు సీసా కూడా అంటగట్టారు. వద్దంటే బస్తా లేదన్నారు.

లెక్చరర్: కణం చిన్నదైతే ఆకులోకి తేలిగ్గా పోతుందని సూత్రం...

లాయర్: సూత్రం సరే, లెక్క చూడండి. 2021లో అనుమతించిన రకంలో నత్రజని 4 శాతం. అర లీటరు సీసాలో 20 గ్రాములు. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైనే! సీసా ఒకటి బస్తా ఒకటి సమానమని తయారీదారు అన్నారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలంలో వేసి చూసి వరి, గోధుమ దిగుబడి తగ్గిందని చెప్పింది. తయారీదారు ఒప్పుకోలేదు. సరే, అనుమతికి ఆధారమైన ట్రయల్స్ వివరాలన్నీ ముందర పెట్టమనండి. వ్యాపార రహస్యమని సమాచార హక్కు చట్టంలోని 8(1)(డి) క్లాజు చూపించొచ్చు. కానీ విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే క్లాజులో ఉంది. ఆ సగం మాత్రం ఎవరూ చదవరు.

లెక్చరర్: తయారీ పద్ధతి మాత్రం అడగకండి.

లాయర్: పద్ధతి ఎవరికి కావాలి సార్? పంట ఫలితాలు చాలు.

రైతు: మాది చల్క నేల. చల్కలో వేసి చూశారా?

లెక్చరర్: ఆ మాట నేను చెప్పలేను. అడిగితే తప్పకుండా చెప్పాల్సిన ప్రశ్నే.

లాయర్: కేంద్ర వ్యవసాయ శాఖకు ఆర్టీఐ పెట్టండన్నా. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రైతు: ముందు బస్తా దొరకనివ్వండి సార్.