గ్యాస్, ప్లంబింగ్ పనిలోకి ఏ దారిలో వెళ్లాలి?

చర్చలో పాల్గొన్నవారు: శిక్షణ కేంద్రంలో ప్లంబింగ్ నేర్పే మాస్టారు, గ్యాస్ భద్రత తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్, పైపు పనుల కాంట్రాక్టర్.

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్ల ముందు మూడు దారులున్నాయి. ఒకరి దగ్గర అప్రెంటిస్‌గా చేరడం, శిక్షణ కేంద్రంలో ఏడాదో రెండేళ్లో చదవడం, కొన్ని వారాల కోర్సు చేసేసి రంగంలోకి దిగడం. కాంట్రాక్టర్ గారూ, మీతో మొదలుపెడదాం. మూడు దారుల్లోంచీ ఒక్కొక్కరు మీ దగ్గరికి వచ్చి పని అడిగితే ఎవర్ని తీసుకుంటారు?

కాంట్రాక్టర్: సర్టిఫికెట్ చూడటం నా దగ్గర ఆఖరండీ. ముందు 15 మిల్లీమీటర్ల రాగి పైపు ముక్క, ఒక ఎల్బో (మూల తిప్పే ముక్క) చేతికిచ్చి అతకమంటాను. కట్టర్‌తో కోశాక లోపలి అంచు గీకాడా లేదా? చక్రం కట్టర్ పైపు నోటిని లోపలికి నొక్కేస్తుంది. ఆ అంచు అలాగే వదిలేస్తే ప్రవాహం తగ్గడం ఒక్కటే కాదు, నీళ్లు అక్కడ సుడి తిరిగి కొన్నేళ్లకి పైపు గోడని తినేస్తాయి. తర్వాత పైపు చివర, ఎల్బో లోపల మెరిసేదాకా రుద్దాలి. సోల్డరు, అంటే కరిగించి అతికే లోహపు తీగ, పట్టుకోవడానికి రాసే ఫ్లక్స్ పల్చగా, పైపుకే రాయాలి. ఎల్బో లోపల దట్టించారంటే మిగిలింది పైపులోకి దిగి పచ్చటి తుప్పు పట్టిస్తుంది. మంట ఎక్కడ పెడుతున్నాడో కూడా చూస్తాను. కాలాల్సింది ఫిట్టింగు, సోల్డరు కాదు. ఫిట్టింగు సరిగ్గా వేడెక్కితే మంట పక్కకి తీసి తీగ తాకించగానే అదే సందులోకి లాక్కుంటుంది. తీగ ముద్దలు కట్టి రాలిపోతుంటే ఫ్లక్స్ మాడిపోయిందని అర్థం. విప్పి, తుడిచి, మొదట్నుంచీ చేసుకోవాలి తప్ప పైన ఇంకాస్త సోల్డరు పూస్తే లాభం లేదు.

మాస్టారు: ఈ పరీక్షలో మా దగ్గర నేర్చుకున్నవాడు బాగానే నెగ్గుతాడు. బెంచీ మీద వందసార్లు చేసి ఉంటాడు కాబట్టి. వాడు తడబడేది ఇంకోచోట. అదే జాయింటు సింకు కింద అరలో ఉందనుకోండి, వెనకాల చెక్క పలక, మెయిన్ వాల్వు సరిగ్గా కట్టదు, పైపులో నీళ్లు సన్నగా కారుతూనే ఉంటాయి. తగరం-రాగి సోల్డరు కరగడానికి దాదాపు 227 డిగ్రీలు కావాలి. లోపల నీళ్లున్నంతసేపూ ఆ పైపు 100 డిగ్రీలు దాటదు. ఎంతసేపు మంట పెట్టినా ఫ్లక్స్ మాడుతుందే గానీ సోల్డరు పారదు. నీళ్లు ఎలా ఆపాలి, ఆగకపోతే అక్కడ మంట లేకుండా నట్టు బిగించి కలిపే కంప్రెషన్ ఫిట్టింగు వేసి బయటపడొచ్చని ఎలా తడుతుంది? అది సైటులోనే వస్తుంది.

వ్యాఖ్యాత: అంటే శిక్షణ కేంద్రం నడిపే మీరే అప్రెంటిస్ దారికి ఓటేస్తున్నారా మాస్టారూ?

మాస్టారు: అప్రెంటిస్‌గా మంచి చోటు దొరికితే వేయాల్సిందే. కానీ "దొరికితే" అన్నది పెద్ద మాట. చాలాచోట్ల మొదటి ఏడాదంతా గోడలు కొట్టడం, సామాను మోయడంతోనే గడిచిపోతుంది. ఆ కంపెనీ బాత్రూమ్ పనులే చేస్తుంటే మూడేళ్లున్నా గ్యాస్ బర్నర్ విప్పే అవకాశం రాదు. పంపు నీళ్ల పనులే చేస్తుంటే డ్రైనేజీ వాలు లెక్క తెలియదు. కేంద్రంలో అన్ని విభాగాలూ కొంచెం కొంచెం ముడతాయి. వారంలో నాలుగు రోజులు సైటు, ఒక రోజు తరగతి ఉండే ఏర్పాటు దొరికితే అంతకు మించింది లేదని నా అభిప్రాయం.

కాంట్రాక్టర్: సామాను మోయడం కూడా పనేనండీ! ఏ ఫిట్టింగు ఎన్ని పడతాయో మోసినవాడికే తెలుస్తుంది.

మాస్టారు: మూడు నెలలు మొయ్యనివ్వండి, కాదనను. ఏడాది మోయిస్తే అది శిక్షణ కాదు, చవక కూలీ.

వ్యాఖ్యాత: మేడమ్, చాలామంది నేరుగా గ్యాస్ కోర్సులో చేరొచ్చా అని అడుగుతున్నారు. గ్యాస్‌లో రాబడి ఎక్కువని.

ఇన్‌స్పెక్టర్: చేరనిచ్చేవాళ్లుంటారు. నేనైతే నీళ్ల పని చేతికొచ్చాకే గ్యాస్ అంటాను. పైపు కోయడం, వంచడం, థ్రెడ్ కొట్టడం, అతకడం అన్నీ రెండింటికీ ఒకటే. తప్పు జరిగితే పడే శిక్షలో తేడా. నీళ్ల లీకు కంటికి కనబడుతుంది, నేల తడుస్తుంది. గ్యాస్ లీకు వాసన మీద ఆధారపడాలి, ఆ వాసన కూడా కలిపిందే, గ్యాస్‌కి సొంత వాసన లేదు. గ్యాస్ సరిగ్గా కాలకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కైతే కలిపిన వాసన కూడా లేదు. సహజవాయువు గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది, గాలి కన్నా తేలిక కాబట్టి పైకి పోతుంది. ఎల్‌పీజీ దాదాపు 2 శాతం దగ్గరే మొదలవుతుంది, బరువు కాబట్టి నేల మీద పాకి గుంటల్లో, డ్రైనేజీ చాంబర్లలో నిలబడుతుంది. ఏ కోర్సయినా ఈ రెండింటికీ వెంటిలేషన్ ఒకేలా చెబుతుంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

వ్యాఖ్యాత: లెక్కలు కూడా రావాలంటారు కదా? చాలామంది భయపడేది అక్కడే.

ఇన్‌స్పెక్టర్: పెద్ద లెక్కలు కావు. కానీ తప్పించుకోలేం. ఒక గ్యాస్ గీజర్ నిమిషానికి 10 లీటర్ల నీళ్లని 25 డిగ్రీలు పెంచాలనుకోండి. 10ని 25తో, దాన్ని 4.19తో (ఒక లీటరు నీళ్లని ఒక డిగ్రీ పెంచడానికి పట్టే కిలోజౌళ్లు) గుణించి 60తో భాగిస్తే దాదాపు 17.5 కిలోవాట్లు. కాల్చిన వేడిలో 85 శాతమే నీళ్లలోకి వెళ్తుందనుకుంటే 20 కిలోవాట్లు దాటి కాల్చాలి. సహజవాయువు అయితే గంటకి దాదాపు 2 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గ్యాస్ పూర్తిగా కాలాలంటే దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే ఆ గీజర్ గంటకి 20 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. మామూలు బాత్రూమ్ మొత్తం కలిపినా అంత గాలి ఉండదు. మూసిన బాత్రూమ్‌లో ఫ్లూ (పొగ బయటికి పంపే గొట్టం) లేని గీజర్ పెట్టకూడదని నియమం ఎందుకు పెట్టారో ఈ నాలుగు వరుసల లెక్కే చెబుతుంది. ఇది నేర్పకుండా "నియమం అంతే, గుర్తుపెట్టుకో" అనే చోట నేర్చుకున్నవాడు, వీలుకాని ఇల్లు ఎదురైన రోజున నియమాన్నే వదిలేస్తాడు.

కాంట్రాక్టర్: పైపు సైజు కూడా ఇదే లెక్కలోంచి వస్తుంది. స్టవ్ కోసం వేసిన సన్న పైపుకే గీజర్ కూడా తగిలించేస్తారు. విడివిడిగా రెండూ బాగానే మండుతాయి. ఒకేసారి వెలిగిస్తే ఒత్తిడి పడిపోయి మంట కుంగిపోతుంది. కుర్రాడు రెగ్యులేటర్ మార్చి, బర్నర్ మార్చి, రోజంతా తిప్పలు పడతాడు. ఉపకరణాలన్నీ వెలిగించి ఒత్తిడి చూడమని ఎవరూ చెప్పి ఉండరు.

వ్యాఖ్యాత: గ్యాస్‌లో మొదట నేర్పాల్సిన పరీక్ష ఏదైనా ఒకటి కొంచెం వివరంగా చెప్పండి మేడమ్.

ఇన్‌స్పెక్టర్: లీకు పరీక్ష. చూడటానికి చాలా తేలిక, తప్పులన్నీ అందులోనే. యూ ఆకారపు గొట్టంలో నీళ్లు పోసిన మానోమీటర్, అంటే ఒత్తిడి కొలిచే సాధనం, తీసుకుంటాం. ఇళ్లలో సహజవాయువు దాదాపు 20 మిల్లీబార్ల ఒత్తిడితో వస్తుంది, అంటే రెండు గొట్టాల నీటిమట్టాల మధ్య తేడా 20 సెంటీమీటర్ల చిల్లర. బ్రిటన్‌లో మీటరున్న ఇళ్లకి పాటించే వరుస చెబుతాను. ముందు మీటరు దగ్గర వాల్వు మూసి, పైపులో 7 నుంచి 10 మిల్లీబార్లే ఉంచి ఒక నిమిషం చూస్తారు. నీటిమట్టం పెరిగితే మూసిన వాల్వు నిజంగా మూసుకోలేదన్నమాట. ఈ మెట్టు వదిలేస్తే ఏమవుతుంది? పైపులో లీకు ఉన్నా, వాల్వులోంచి అంతే గ్యాస్ లోపలికి వస్తుంటే మానోమీటర్ కదలదు. "లీకు లేదు" అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోతారు.

ఆ తర్వాత ఒత్తిడి 20కి పెంచి, వాల్వు మూసి, ఒక నిమిషం ఊరుకుంటారు. తర్వాతి 2 నిమిషాలు పరీక్ష. ఊరుకునే ఆ నిమిషాన్ని కుర్రాళ్లు ఎగ్గొడతారు. పైపులోని వాయువు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఒత్తిడి దాదాపు 3.5 మిల్లీబార్లు పెరుగుతుంది. గోడ మీది పైపుకి ఎండ తగులుతుంటే చాలు, చిన్న లీకు దాక్కుంటుంది. మబ్బు పట్టిందంటే లేని లీకు ఉన్నట్టు కనబడుతుంది. శిక్షణ కేంద్రాన్ని చూడటానికి వెళ్లినప్పుడు ఈ పరీక్ష చేసి చూపించమనండి. ఎందుకు ఆగుతున్నారో మాస్టారు చెప్పగలిగితే అక్కడ చేరొచ్చు.

మాస్టారు: (నవ్వుతూ) నాకే పరీక్ష పెట్టమంటున్నారు!

ఇన్‌స్పెక్టర్: మీకు కాదు మాస్టారూ. ఉత్త ప్రొజెక్టర్ మీద గ్యాస్ నేర్పేవాళ్లకి.

వ్యాఖ్యాత: మరి కొన్ని వారాల కోర్సుల సంగతేమిటి? ప్రకటనల నిండా అవే కదా.

కాంట్రాక్టర్: నన్నడిగితే డబ్బు దండగ.

మాస్టారు: అందరికీ కాదు. ఏసీ పని చేసేవాడికి రాగి పైపు బ్రేజింగ్ (ఎక్కువ వేడితో అతకడం) వచ్చు, ఒత్తిడి పరీక్ష వచ్చు. కరెంటు పనివాడికి పరికరం పట్టడం, లోపం వెతకడం అలవాటే. పైపు పని పదేళ్లుగా చేస్తూ కాగితం లేనివాడూ ఉంటాడు. వాళ్లకి ఉన్న ఖాళీలు పూడ్చడానికి చిన్న కోర్సు సరిపోతుంది. రెంచి ముట్టుకోనివాడికి మాత్రం సరిపోదు. ఆరు వారాల్లో పీపీఆర్ అనే ప్లాస్టిక్ పైపు అతకడం చూపిస్తారు: యంత్రం 260 డిగ్రీలకి వచ్చాక 20 మిల్లీమీటర్ల పైపు 5 సెకన్లు, 25 అయితే 7 సెకన్లు వేడిచేసి, తిప్పకుండా నేరుగా లోపలికి తోయాలి. అది ఎవడికైనా వస్తుంది. ఎక్కువసేపు కాల్చితే లోపల ప్లాస్టిక్ గట్టుకట్టి దారి మూసుకుపోతుంది, బయటికేమో జాయింటు అందంగా ఉంటుంది. అలా పాడుచేసిన జాయింటుని నిలువునా కోసి చూపించడానికి కూడా తీరిక లేని కోర్సులో ఏం నేర్చుకుంటారు? సీపీవీసీ ప్లాస్టిక్ పైపు కూడా అంతే. జిగురు రాసి పావు తిప్పు తిప్పి తోశాక అర నిమిషం పట్టుకోవాలి. వెంటనే వదిలితే పైపు తనంతట తనే వెనక్కి జరుగుతుంది. నీళ్లు వదిలిన రోజుగానీ తెలియదు.

ఇన్‌స్పెక్టర్: ఇంకో చిక్కుంది. కోర్సు సర్టిఫికెట్ వేరు, గ్యాస్ పని చేసే అనుమతి వేరు. బ్రిటన్‌లో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ ఉంది, 2009 ఏప్రిల్ 1న అంతకుముందు ఉన్న కోర్గీ అనే రిజిస్టర్ స్థానంలో వచ్చింది. అక్కడ కార్డు వెనక ఎవరు ఏ ఉపకరణం మీద పనిచేయొచ్చో రాసి ఉంటుంది, యోగ్యత పరీక్ష ఐదేళ్లకోసారి మళ్లీ రాయాలి. స్టవ్ అనుమతి ఉన్నవాడు బాయిలర్ విప్పకూడదు. భారత్‌లో ఐటీఐ ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు, అది ప్లంబింగ్ చదువేగానీ దాంతోనే గ్యాస్ పైపు ముట్టుకోవచ్చని కాదు. ఏ దేశంలో పనిచేయాలనుకుంటే ఆ దేశంలో అనుమతి ఇచ్చే సంస్థకి ముందు రాయండి, "ఫలానా కోర్సు మీరు ఒప్పుకుంటారా" అని. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే ఫీజు కట్టండి. "మాది అంతర్జాతీయ సర్టిఫికెట్" అనే మాటని నమ్మొద్దు.

వ్యాఖ్యాత: ఫీజు కట్టే ముందు కేంద్రంలో ఇంకేం అడగాలి?

మాస్టారు: ఒక్కో బెంచీకి ఎంతమంది అని అడగండి. ఇద్దరు దాటితే మూడోవాడు చూస్తూ నిలబడతాడు. పైపు, ఫిట్టింగులు ఎవరు ఇస్తారు? కోసి పారేయడానికి సామాను ఇవ్వని చోట చెయ్యి తిరగదు. గీజర్లు, బాయిలర్లు నిజంగా వెలుగుతాయా, గోడకి బొమ్మల్లా వేలాడుతున్నాయా? పరీక్ష ఫీజు ఇందులోనే ఉందా, తప్పితే మళ్లీ ఎంత? ఇక అన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది: సైటు పని ఎవరు చూపిస్తారు? "మీరే వెతుక్కోవాలి" అంటే సగం కోర్సు మీ నెత్తిన పెట్టినట్టే. చాలా చోట్ల అర్హత రావాలంటే నిజమైన ఇళ్లలో చేసిన పనికి రుజువులు చూపాలి.

కాంట్రాక్టర్: అవును. కోర్సయ్యాక రుజువుల కోసం మా చుట్టూ తిరుగుతారు. అప్పటికి ఆలస్యం. చేరకముందే ఒక కాంట్రాక్టర్‌తో మాట్లాడుకోండి, శని, ఆదివారాలైనా వస్తానని. మాకు కావాల్సింది వేళకి వచ్చేవాడు, పని అయ్యాక నేల తుడిచేవాడు, తెలియకపోతే అడిగేవాడు. రెండు రెంచీలు వాడటం కూడా చూస్తాం. కంప్రెషన్ నట్టు బిగించేటప్పుడు ఫిట్టింగు ఒళ్లుని రెండో రెంచితో పట్టకపోతే బిగించే జాయింటుతో పాటు అవతలి జాయింటు కదులుతుంది. చేత్తో బిగిసిన తర్వాత సుమారు ఒక తిప్పు చాలు. బలం ఉంది కదా అని ఇంకా బిగిస్తే నట్టు లోపలి ఉంగరం పైపుని నొక్కేసి లీకు మొదలవుతుంది.

వ్యాఖ్యాత: ఆఖరి ప్రశ్న. రుజువులు అన్నారు. అవి ఎలా ఉండాలి?

ఇన్‌స్పెక్టర్: అయిపోయిన పని ఫొటో ఒక్కటీ చెల్లదు. అది ఎవరి పనైనా కావచ్చు. పని మొదలవక ముందు, గోడ మూయక ముందు, పరీక్ష జరుగుతుండగా మానోమీటర్ అంకె కనిపించేలా, అన్నీ అయ్యాక, ఇలా నాలుగు దశల్లో తీయాలి. మీ చేతులు, ముఖం కూడా ఒకట్లోనైనా ఉండాలి. పక్కన తేదీ, పైపు రకం, సైజు, పొడవు, ఏ ఒత్తిడిలో ఎన్ని నిమిషాలు పరీక్షించారు, ఎంత పడింది, మిమ్మల్ని చూసుకున్న అర్హుడి సంతకం. ఇంటివాళ్ల పేరు, చిరునామా ఫొటోలో రానివ్వకండి. సంతకం అదే రోజు పెట్టించుకోండి. ఆరు నెలల తర్వాత ఒకేసారి యాభై పేజీల మీద పెట్టించిన సంతకాలు ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉంటాయి. పరిశీలకుడు మొదట చూసేది అదే.