రాడ్ మీదికి రాదు, మనమే కిందికి పోవాలి

ఈ వీడియో కోపంతో చేస్తున్నా, ముందే చెప్తున్నా. హన్మకొండలో మా జిమ్‌లో ఒక తమ్ముడు 60 కిలోల స్నాచ్ చేసిన క్లిప్ పెట్టాను. స్నాచ్ అంటే నేల మీది రాడ్‌ను ఆగకుండా ఒకే దెబ్బలో తల మీదికి లేపడం. కింద అందరిదీ ఒకటే మాట: "అన్నా, రాడ్ పొట్ట దాకనే వచ్చింది, చేతులతో గట్టిగా గుంజుమను." వాడు ఆ కామెంట్లు చదివాడు. మర్నాడు నిజంగానే గుంజాడు. 50 కిలోలకే రాడ్ ముందుకు పోయి దబ్బున పడింది.

మిర్చి సీజన్‌లో ఒకసారి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోండి. ముక్కుకు దస్తీ కట్టుకోండి, లేకపోతే తుమ్ములే తుమ్ములు. ఇద్దరు హమాలీలు బస్తాను చెరో పక్క పట్టి ఒక్క ఊపులో లేపుతారు. ఎంతవరకు? నడుం పైదాకా, అంతే. ఆ ఊపు అయిపోయి బస్తా గాల్లో తేలికైనట్టుండే రెప్పపాటులో మూడోవాడు వంగి వీపు పెట్టేస్తాడు. బస్తా వాడి మీదికి ఎక్కలేదు, వాడే బస్తా కిందికి దూరాడు.

స్నాచ్‌లో ఆ ముగ్గురూ మీరే. గొడవంతా అక్కడే.

[పక్క నుంచి తీసిన క్లిప్, స్లో మోషన్]

ముందు లేపే ఇద్దరిని చూద్దాం. ప్లేటు అడ్డం 45 సెంటీమీటర్లు కాబట్టి రాడ్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి మోకాలి దాకా తొందర వద్దు. మోకాలు దాటాక కాళ్లు, తుంటి ఒక్కసారిగా నిటారవ్వాలి. ఊపు అక్కడ పుడుతుంది. అప్పటిదాకా చేతులు తాళ్లు. ముందే మోచేయి వంచితే కాళ్లు పుట్టించిన ఊపు మోచేతి దగ్గరే చస్తుంది. మోచేయి వంచి గెలిచే పెద్ద లిఫ్టర్లు లేరా? ఉన్నారు. వాళ్ల కాళ్లు మీకున్నాయా?

హమాలీ కొక్కెం కూడా ఇక్కడ ఉంది. బొటనవేలు రాడ్‌కు చుట్టి, దాని మీద రెండు వేళ్లు బిగిస్తే హుక్ గ్రిప్. మొదట్లో మంట పెడుతుంది. నాకు గోరు నల్లబడింది, అయినా వదల్లేదు.

ఇప్పుడు మూడోవాడు. చేతులకు అసలు పని ఇప్పుడే మొదలవుతుంది, అదీ తిరగేసి. రాడ్ ఇంకా పైకి పోతూనే ఉంటుంది, దాన్ని పట్టుకుని మీరు మిమ్మల్ని కిందికి గుంజుకుంటారు. కామెంట్ పెట్టిన అన్నలూ, గుంజాలన్నది నిజమే, కానీ గుంజాల్సింది మనిషిని! ఈ పని అర సెకను లోపే అయిపోవాలి. బస్తా కిందికి రావడం మొదలయ్యాక దూరే హమాలీ ఉంటాడా? బస్తా కాళ్ల మీదనే పడుతుంది.

"మరి దూకాలా వద్దా?" అని ఇంకో పంచాయితీ. ఒక కోచ్ దూకమంటాడు, ఇంకొకాయన పాదాలు లేవకూడదంటాడు. నన్నడిగితే దూకమనడం కొత్తవాళ్లకు కాళ్లు వాడటం నేర్పే మాట మాత్రమే. మడమలు వాటంతట అవే లేస్తాయి. కావాలని గాల్లోకి ఎగిరితే కిందికి రావడమే ఆలస్యం. తుంటితో రాడ్‌ను గుద్దేవాళ్లకు కూడా ఇదే చెప్తా: రాడ్ తుంటిని రాసుకుంటూ పోవాలి, గుద్దితే ముందుకు పారిపోతుంది. మా తమ్ముడిది అదే కథ, చేతులతో గుంజే హడావుడిలో గుద్దాడు.

టైమ్ అయిపోతోంది, క్లీన్ అండ్ జెర్క్ గబగబా చెప్పేస్తా. ఇందులో రాడ్ రెండు దఫాలుగా లేస్తుంది: ముందు భుజాల మీదికి (క్లీన్), అక్కడి నుంచి తల మీదికి (జెర్క్). 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు. రెండోదాంట్లో బరువు ఎందుకు ఎక్కువ? క్లీన్‌లో రాడ్ భుజాల మీదికి వస్తే చాలు, అంత ఎత్తు అక్కర్లేదు. మూడో హమాలీకి పని కొంచెం సులువు. జెర్క్‌లో మళ్లీ అదే ఆట: మోకాళ్లు కొద్దిగా వంచి తోయడం, వెంటనే కిందికి దూరడం. పైన మోచేయి వంగి మళ్లీ చాచారా, ఎర్ర లైట్, అంటే ఆ లిఫ్ట్ చెల్లదు. చేతులతో నెట్టే ప్రెస్‌ను 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత పోటీల్లోంచే తీసేశారు. మన జిమ్‌లలో ఇంకా జెర్క్ పేరుతో అదే చేస్తున్నారు, దాని సంగతి ఇంకో వీడియోలో.

మీ లిఫ్ట్ వీడియోలు పంపండి. ముందు నుంచి కాదు, పక్క నుంచి తీయండి. ఫోన్‌ను నడుం ఎత్తులో పెట్టండి. ముందు నుంచి తీస్తే మొహంలో కష్టం కనపడుతుంది గానీ రాడ్ దారి కనపడదు.