మడమ తాకి చూడండి

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా ఐసీయూ బయట కుర్చీల్లో తెలుగు వినిపిస్తుంది. నెల్లూరు, చిత్తూరు, సూళ్లూరుపేట నుంచి వచ్చినవాళ్లు. ఐసీయూలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఈ నాలుగు మాటలూ వాళ్లకే చెబుతున్నాననుకోండి. విషయం బెడ్ సోర్స్. ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండ్లు.

నాయుడుపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నిమోనియా. వెంటిలేటర్ పెట్టి మత్తులో ఉంచారు. బీపీ పడిపోకుండా నార్‌ఎడ్రినలిన్ అనే మందు ఎక్కుతోంది. పైగా షుగర్. మేం ఆయన్ని పక్కకి తిప్పుతుంటే కూతురు చూడలేకపోయేది. "సిస్టర్, నాన్నని ఎందుకలా కదిలిస్తారు? కాసేపు నిద్రపోనివ్వండి" అనేది. ప్రేమ కొద్దీ అన్నమాటే. కానీ నిద్రలో మనం తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతాం. మత్తులో ఉన్న మనిషి దొర్లడు. నొప్పి తెలియదు, తెలిసినా చెప్పడానికి గొంతులో గొట్టం ఉంది. అందుకే తిప్పాలి. మళ్లీ తిప్పాలి. సాధారణంగా రెండు గంటలకోసారి.

ఇంకో సంగతి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా తలవైపు మంచం 30 డిగ్రీలో, ఇంకాస్త ఎక్కువో ఎత్తుతాం. అది అవసరమే. కానీ మనిషి మెల్లగా కిందికి జారతాడు. చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతుంది, లోపల ఎముక జారిపోతుంది, గలీబు పట్టుకుంటే లోపలి దిండు జారినట్టు. మధ్యలో సన్నటి రక్తనాళాలు సాగి నలిగిపోతాయి. ఇక ఆ బీపీ మందు గుండెకీ మెదడుకీ రక్తం అందేలా చూస్తూ, చర్మంలో రక్తనాళాలను బిగిస్తుంది. ప్రాణం నిలిపే మందే మడమకి రక్తం తగ్గిస్తుంది. దాన్ని ఆపలేం కదా!

చెమట, డైపర్ తడి, వయసు, ఒంటికి సరిగా అందని తిండి కూడా తోడవుతాయి. తడి, తిండి లాంటివి చూసి, పుండ్లు పడే ప్రమాదాన్ని మార్కుల్లో చెప్పే బ్రేడెన్ స్కేలు 1987లో అచ్చయింది. 6 నుంచి 23 దాకా మార్కులు, ఎంత తగ్గితే అంత ప్రమాదం. మంచి స్కేలే. అయితే బీపీ మందుకి అందులో మార్కుల్లేవు. అందుకే నాకు చేత్తో తాకి చూస్తేనే నమ్మకం.

ఒకరోజు ఆ అమ్మాయి నాన్న కాళ్లు చల్లబడ్డాయని ఉన్ని సాక్స్ తొడిగి వెళ్లింది. సాయంత్రం తీసి చూశాను. పుస్తకాల్లో ఎర్రగా కందుతుందని ఉంటుంది. మన చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? మడమ మీద ఊదారంగు మచ్చ. నొక్కితే రంగు మారలేదు. చుట్టుపక్కల కంటే మెత్తగా తగిలింది. డాక్టర్‌కి చెప్పి, పిక్కల కింద దిండు పెట్టాం, మడమ పరుపుకి తగలకుండా. "కొబ్బరినూనె రాసి రుద్దనా సిస్టర్?" అంది మర్నాడు. "రుద్దొద్దమ్మా, లోపల ఇంకా దెబ్బతింటుంది" అన్నాను. ఆయన మడమ పగల్లేదు. ఆ తర్వాత ఆ పిల్ల రాగానే, "ఇవాళ ఎటువైపు తిప్పారు?" అని మమ్మల్నే నిలదీసేది. నాకది భలే నచ్చేది.

ఇంటికి తీసుకెళ్లాక ఎయిర్ బెడ్ కొన్నామని నిశ్చింతగా ఉండకండి. పరుపు ఎంత ఖరీదైనదైనా మనిషిని తిప్పాల్సిందే. మధ్యలో చిల్లు ఉండే రింగు దిండ్లు అసలు వద్దు, అంచు దగ్గర రక్తం ఆగిపోతుంది.

విజిటింగ్ టైమ్‌లో దొరికేది కాసేపే. చేతులు కడుక్కుని, సిస్టర్‌ని అడిగి, పాదాల దగ్గర దుప్పటి ఎత్తండి. చూసి వదిలేయకండి, చేతి వెనకవైపుతో మడమ తాకండి. చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తగిలితే అప్పటికప్పుడే చెప్పండి. తమిళం రాదని మొహమాటపడకండి, వేలు పెట్టి చూపిస్తే చాలు.