దుంగకు కాగితం ఉంది, పలకకు లేదు
(కడపలో రైతులు, అటవీ సిబ్బంది, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద నీళ్ల బకెట్టు ఉంది, రెండు చెక్కముక్కలు ఉన్నాయి. రెండూ ఎర్రనివే. మొదటిది నీళ్లలో వేస్తున్నాను, చూడండి, తేలింది. అది ఆఫ్రికాలో పెరిగే పడాక్ అనే చెట్టుది. ఇప్పుడు రెండోది. రాయిలా అడుగుకు పోయింది. అటవీ శాఖ డిపో నుంచి అనుమతితో తెచ్చిన మన ఎర్రచందనం చేవ ఇది. ఓడరేవులో కంటెయినర్ తలుపు తెరిచే కస్టమ్స్ ఉద్యోగి పక్కన బకెట్టు ఉండదు. ఆయన చేతిలో ఉండేది కాగితం. ఈ పూట మాట్లాడేదంతా ఆ కాగితం గురించే.

పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలిగొండ, నల్లమలలో కొంత. లోకంలో ఈ చెట్టు తనంతట తాను మొలిచే చోట్లు ముఖ్యంగా ఇవే. కొనేవాళ్లు మాత్రం ఇక్కడ లేరు. చైనాలో ఖరీదైన సామానుకు, జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం దండెకు దీన్ని వాడతారు. సిద్ధవటం పక్క అడవిలో వాచర్ ఎంత మేలుకుని ఉన్నా, గొడ్డలికి కూలి పలికేది సముద్రం అవతల ధరను బట్టి. కాబట్టి అవతలివాడు కూడా కాపలాలో పాలు పంచుకోక తప్పదు.

ఆ కాపలాకు దేశాలు పెట్టుకున్న ఒప్పందం సైటిస్, అంతరించే ప్రమాదమున్న మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది. 1973లో వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి, 1975లో అమల్లోకి వచ్చింది, మన దేశం 1976లో చేరింది. ఎర్రచందనాన్ని 1995లో దాని రెండో అనుబంధంలో చేర్చారు. రెండో అనుబంధం అంటే అంతర్జాతీయ నిషేధం అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎగుమతి చేసే దేశం పర్మిట్ ఇచ్చాకే సరుకు కదలాలి, అంతే. పర్మిట్ ఇచ్చే ముందు రెండు సంగతులు తేలాలి: సరుకు చట్టబద్ధంగా వచ్చిందా, ఈ ఎగుమతి వల్ల అడవిలో ఆ జాతి మనుగడకు నష్టం ఉందా. మొక్కల విషయంలో రెండో సంగతి మీద శాస్త్రీయంగా అభిప్రాయం చెప్పేది భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థ. దిగుమతి చేసుకునే దేశం ఆ పర్మిట్ చూసి లోపలికి రానివ్వాలి. విడిగా తన పర్మిట్ ఒకటి ఇవ్వాలన్న షరతు రెండో అనుబంధంలో లేదు. భారమంతా మన మీదే అన్నమాట.

పర్మిట్ మీద ఒక గడిలో ఒకే ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, సరుకు ఎక్కడిదో చెప్పేది. డబ్ల్యూ అంటే అడవిది. ఏ అంటే పెంచినది. ఐ అంటే పట్టుబడి జప్తు అయినది. సైటిస్ దగ్గర మనం ఖరారు చేసుకున్న కోటాలో అడవి సరుకుకు సున్నా, పెంచిన సరుకుకు ఏడాదికి 310 టన్నులు, జప్తు సరుకుకు ఏటా కాదు, ఒకే ఒక్కసారి 11,806 టన్నులు. పెంచినదానికీ జప్తుదానికీ ఎంత తేడా ఉందో గమనించండి. దొంగ నరికిన చెట్టు డిపోకు చేరి, వేలంలో అమ్ముడై, ఐ అక్షరంతో దర్జాగా ఓడెక్కుతుంది. వేలం వద్దని అనను, డిపోలో పడి ఎండిపోవడం వల్ల ఎవరికీ లాభం లేదు. కానీ మన ఎగుమతికి జప్తే ఆధారమైనంత కాలం అడవి బాగుందని చెప్పుకోలేం. ఎర్రచందనం వ్యాపారం మీద సైటిస్ సమీక్ష 2004 నుంచి 2023 దాకా సాగింది.

పెంచిన సరుకుకు వేసే ‘ఏ’ అనే అక్షరంతోనూ చిక్కులున్నాయి. అడవి దుంగకు పట్టా భూమి కాగితం తగిలిస్తే చాలు, అది పెంచిన సరుకైపోతుంది. దీన్ని పట్టుకోవడానికి లెక్క చాలు. 4 మీటర్లకు ఒకటి చొప్పున నాటితే హెక్టారుకు 625 చెట్లు, ఎకరాకు దాదాపు 250. చేవ నిదానంగా ముదురుతుంది, పాతికేళ్లయినా ఓపిక పట్టాలి. పదిహేనేళ్ల తోట నుంచి లావు చేవ దుంగలు లారీల కొద్దీ వస్తున్నాయంటే అనుమానించాలి. రైతులు నాటిన ఏడాదే సర్వే నంబరు, చెట్ల సంఖ్య రికార్డుల్లోకి ఎక్కించుకోవాలి, ఆ ఏటి ఫొటోలు దాచుకోవాలి. కోత ముందు రోజు పరుగెత్తితే వయసు నిరూపించడం కష్టం.

ఇక అసలు కంత. సైటిస్ జాబితాలో చాలా చెట్ల పక్కన ఒక వివరణ ఉంటుంది, ఆ చెట్టు తాలూకు ఏయే రూపాలు ఒప్పందం కిందికి వస్తాయో చెబుతూ. ఎర్రచందనం పక్కన ఉన్నవి దుంగలు, చెక్క పేళ్లు, పొడి, సారం. బెరడు ఒలిచినా, నాలుగు పక్కలా ముతకగా చెక్కి చదరం చేసినా దుంగ దుంగే. నిలువునా రంపం పెట్టి పలకలు కోశారో, పేరు మారిపోతుంది. మందం 6 మిల్లీమీటర్లు దాటితే కోత చెక్క, అంతకు లోపలైతే వినీర్, అంటే పలుచని చెక్క రేకు. ఈ రెండూ ఎర్రచందనం వివరణలో లేవు. మన దేశ ఎగుమతి విధానం వీటినీ అడ్డుకుంటుంది, కానీ దొంగతనంగా దాటిపోయాక అవతలి రేవులో అధికారి సైటిస్ వివరణే చూస్తాడు. అక్కడ పలక మాట లేదు.

ఆఫ్రికా సంగతి చూడండి. 2022లో పనామాలో జరిగిన సైటిస్ సభ్య దేశాల సభతో ఆఫ్రికాలోని పడాక్ జాతులన్నీ రెండో అనుబంధంలోకి వచ్చాయి. వాటి వివరణలో దుంగలు, కోత చెక్క, వినీర్, ప్లైవుడ్, తీర్చిన చెక్క అన్నీ ఉన్నాయి. ఇందాక బకెట్టులో తేలిన ముక్కకు పలకగానూ రక్ష ఉంది, మునిగిన ముక్కకు లేదు!

సైటిస్ కాక ఇంకో సంస్థ ఉంది, అంతర్జాతీయ ఉష్ణమండల కలప సంస్థ, పొట్టిగా ఐటీటీఓ. కార్యాలయం జపాన్‌లోని యోకొహామాలో. ఉత్పత్తి దేశాలకు మొత్తం 1,000 ఓట్లు, వినియోగ దేశాలకు 1,000. మనం మొదటి పక్షం, జపాన్ రెండో పక్షం. దీనికి పర్మిట్లు ఆపే అధికారం లేదు. చెట్ల లెక్కలకు, కలప గుర్తింపు శిక్షణకు డబ్బు సమకూర్చడంలో దీని సాయం ఎక్కువ. ఇక మన దేశంలో 2025 దాకా ఉన్నవి 2014 నాటి జీవవైవిధ్య మార్గదర్శకాలు: ఎర్రచందనం వేలంలో పాడుకున్నవాడి దగ్గర సరుకు ఎత్తకముందే అమ్మకం ధరలో కనీసం 5 శాతం ముందుగా వసూలు చేసే వీలు వాటిలో ఉండేది.

పలకను కూడా చేర్చేలా సైటిస్ వివరణ మార్చాలంటే సభ్య దేశాల సభకు 150 రోజుల ముందు ప్రతిపాదన చేరాలి, ఓటు వేసిన దేశాల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. ఒప్పించాలంటే పలకలు నిజంగా దాటిపోతున్నాయని చూపాలి. ఆ ఆధారం పుట్టేది పంచనామాలో. ‘ఎర్రచందనం, ఇన్ని కిలోలు’ అని రాసి ఊరుకుంటే అది ఎందుకూ పనికిరాదు. దుంగా, చదరం చేసిందా, పలకా అన్నది విడివిడిగా రాయండి. పలకైతే మందం మిల్లీమీటర్లలో కొలవండి, రంపం గీతలు కనబడేలా ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టండి. తెల్లచెక్క ఎంత మిగిలిందో, చేవ ఎంతో కూడా రాయండి. కొలటేపులు వెనక బల్ల మీద ఉన్నాయి. టీ తాగాక ఈ రెండు ముక్కలనే కొలిచి నమూనా పంచనామా రాద్దాం.