ఐటీసీ చార్టు: పన్ను వార్త వచ్చిన రోజు ఏం చూడాలి

మిత్రులారా, నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క షేరు గురించి మాట్లాడతాను. ఐటీసీ. గుంటూరులో ఆ పేరుకు పరిచయం అక్కర్లేదు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. ఆ కంపెనీ పొగాకు కొనుగోళ్ళతో ఈ జిల్లా రైతుకు వందేళ్ళ పైబడిన సంబంధం. గోదావరి వైపు వెళ్తే భద్రాచలానికి ఎదురుగా సారపాకలో వాళ్ళ కాగితం మిల్లు. ఆశీర్వాద్ గోధుమపిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్లు, క్లాస్‌మేట్ నోటు పుస్తకాలు మన ఇళ్ళకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా లాభంలో పెద్ద వాటా ఇప్పటికీ సిగరెట్లదే. ఇది తెలియకుండా ఈ చార్టు చదవలేం. చార్టులో ఒక రోజు ధరల కదలికను చూపే కడ్డీని క్యాండిల్ అంటారు, ధర పడితే అది ఎరుపు. ఇందులో పెద్ద ఎరుపు క్యాండిళ్ళు చాలావరకు ఢిల్లీ నుంచి, అంటే పన్ను నిర్ణయాల నుంచి, వచ్చినవే.

ముందు ఒక జాగ్రత్త. చార్టు తెరవగానే అందులో ధరలు సర్దుబాటు చేసినవో కావో చూడండి. 2025 జనవరి 6న షేరు ధర నుంచి హోటళ్ళ వ్యాపారాన్ని విడదీశారు. పది ఐటీసీ షేర్లున్నవారికి ఒక ఐటీసీ హోటల్స్ షేరు ఇచ్చారు. శుక్రవారం 480 పైన ముగిసిన షేరు సోమవారం 455 దగ్గర మొదలైంది. హోటళ్ళ విలువ తేల్చడానికి ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) నడిపిన ప్రత్యేక సెషన్లో తేలిన తేడా 26 రూపాయలు. ఎవరికీ ఏమీ పోలేదు, ఆ మేరకు విలువ వేరే షేరులోకి వెళ్ళింది, అంతే. కానీ సర్దుబాటు లేని చార్టులో అక్కడ గ్యాప్ డౌన్ (నిన్నటి ధరకు బాగా కింద మొదలవడంతో మిగిలే ఖాళీ) కనిపించి కొత్తవాళ్ళు టెన్షన్ పడతారు. సర్దుబాటు చేసిన చార్టులో పాత ధరలన్నీ దాదాపు 5 శాతం కిందకు జరిగి ఉంటాయి. నేను చెప్పే అంకెలు ఆయా రోజుల్లో మార్కెట్లో నడిచిన ధరలు. మీ ఫోన్లో వేరుగా కనిపిస్తే కారణం ఇదే.

ఇక 2017కు వద్దాం. జులై 1న జీఎస్‌టీ వచ్చింది. సిగరెట్ల మీద భారం తగ్గిందనుకుని షేరు 350 దాటింది. జులై 17న జీఎస్‌టీ మండలి సిగరెట్ల మీద సెస్సు (అదనపు పన్ను) పెంచింది. మర్నాడు 325 నుంచి 285 దగ్గరకు, ఒక్క రోజులో 12 శాతం పైగా పడింది. ఈ గ్యాప్ చాలా ఏళ్ళు షేరుకు అడ్డుగా పనిచేసింది. 2018లో షేరు మళ్ళీ 320 దాకా ఎక్కి, సరిగ్గా అక్కడి నుంచే వెనక్కు తిరిగింది. ఎందుకు తిరిగింది? 325లోనో 340లోనో కొని ఇరుక్కున్నవాళ్ళు లక్షల్లో ఉంటారు. "అసలు వస్తే చాలు, అమ్మేస్తాను" అని ఏడాదిగా ఎదురుచూస్తుంటారు. ధర అక్కడికి రాగానే వాళ్ళ షేర్లు మార్కెట్లోకి వస్తాయి. ధర పైకి వెళ్ళకుండా ఆపే రెసిస్టెన్స్ అనే గీత వెనక ఉన్నది ఈ మనుషులే. గీత గీసేటప్పుడు అక్కడ ఎవరు ఇరుక్కున్నారో, ఎంత వాల్యూమ్‌తో (చేతులు మారిన షేర్ల సంఖ్యతో) ఇరుక్కున్నారో ఆలోచించండి.

ఆ తర్వాత షేరు దిగుతూనే పోయింది. 2020 మార్చిలో, కరోనా భయంలో, 135 దగ్గర ఆగింది. అక్కడి నుంచి రెండేళ్ళకు పైగా ఎక్కువ కాలం 160కీ 265కీ మధ్యే తిరిగింది. మూవింగ్ యావరేజ్‌ను, అంటే గత కొన్ని రోజుల ముగింపు ధరల సగటు గీతను, నమ్ముకున్నవారిని బాగా ఇబ్బంది పెట్టిన కాలం అది. ధర 200 రోజుల సగటుకు పైకి వస్తే కొనడం, కిందకు దిగితే అమ్మడం అనే పద్ధతి ట్రెండ్ ఉన్న, అంటే ఒకే దిశలో నడిచే, షేరులోనే పనిచేస్తుంది. పక్కకు నడిచే షేరులో సగటు గీత కూడా పడుకుంటుంది, ధర దాన్ని అటూ ఇటూ దాటుతూ ప్రతిసారీ కొంత నష్టం మిగిలిస్తుంది. ఆ రెండేళ్ళలో ఈ షేరును పట్టుకుని నిలబడినవాళ్ళు డివిడెండు చూసి నిలబడ్డారు. 2019-20కి షేరుకు 10 రూపాయల 15 పైసలు ఇచ్చింది. 200 కింద కొన్నవారికి అది 5 శాతం పైమాటే. ఆ కొనుగోలుదారులే ఆ కింది గీతను కాపాడారు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే సంగతి. రెండు బడ్జెట్ రోజులను పక్కపక్కన పెట్టి చూడండి. 2020 ఫిబ్రవరి 1న సిగరెట్ల మీద ఎన్‌సీసీడీ (జాతీయ విపత్తు నిధి కోసం వేసే సుంకం) పెంచారు. షేరు దాదాపు 7 శాతం పడి, రోజంతా తేరుకోలేదు. 2023 ఫిబ్రవరి 1న అదే సుంకాన్ని మళ్ళీ 16 శాతం పెంచారు. షేరు మొదట 6 శాతం దాకా పడింది. కానీ సాయంత్రానికి పడినదంతా పూడ్చుకుని లాభంలో ముగిసింది. వార్త అదే తరహాది. 2020లో ఆ ధరకు అమ్మేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు, 2023లో పడితే కొందామని కాచుకున్నవాళ్ళు ఎక్కువున్నారు. 2023లో ఆ రోజు క్యాండిల్ కింద, పడి లేచిన మేర కనిపించే పొడవాటి తోక చెప్పేది అదే. 2022 చివర్లో తాకిన 2017 గరిష్ఠాన్ని ఆ బడ్జెట్ తర్వాత షేరు గట్టిగా దాటింది. జులై నాటికి 500 అంచుకు చేరింది. అందుకే చెడ్డ వార్త రాగానే అమ్మొద్దు, కొనొద్దు అంటాను. ఆ రోజు క్యాండిల్ ఎక్కడ ముగుస్తుందో చూడండి.

పన్ను తర్వాత ఈ షేరును కదిలించింది పెద్ద వాటాదారు. బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు ఇందులో 29 శాతం ఉండేది. అమ్ముతామని 2024 ఫిబ్రవరిలో చెప్పగానే షేరు 400 వైపు జారింది. మార్చి 13న 3.5 శాతం వాటాను దాదాపు 400 ధరకు, 17 వేల కోట్ల పైచిలుకుకు అమ్మేశారు. ఆ రోజు షేరు పెరిగింది! అమ్మకం భయం తీరింది కనుక. అంత సరుకు చేతులు మారిన ధర కావడంతో 400 బలమైన సపోర్టు, అంటే ధర ఇంకా పడకుండా ఆపే గీత, అయింది.

2025 డిసెంబర్ 31 రాత్రి సిగరెట్ల మీద కొత్త ఎక్సైజ్ సుంకం ప్రకటన వచ్చింది. మర్నాడు 400 పైనున్న షేరు 10 శాతం దాకా పడి 365 దగ్గరకు వచ్చింది. పాత 400ను హోటళ్ళ విలువ తీసేసి సర్దుబాటు చేస్తే దాదాపు 378 అవుతుంది. అంటే జనం గుర్తుంచుకున్న సపోర్టు, చార్టు చూపే సపోర్టు రెండూ ఒకే రోజు తెగాయి. 2017లోలాగా ఈ గ్యాప్‌లో కూడా ఇరుక్కున్నవాళ్ళు ఉంటారు. షేరు 378 నుంచి 400 మధ్యకు ఎక్కిన ప్రతిసారీ అమ్మకాలు వస్తున్నాయా, వాల్యూమ్ ఎంత, వారం ఎక్కడ ముగిసింది అన్నవే నేను చూసేవి. 2018లో ఆ తొలి ప్రయత్నం విఫలమైంది కాబట్టి, ఒక్క రోజు 400 దాటగానే బ్రేకౌట్ (అడ్డు గీతను గట్టిగా దాటడం) అనుకోను. కనీసం రెండు వారాలు, వారాంతపు ముగింపు ధర ఆ పైన ఉండాలి.

కొనండి, అమ్మండి అని నేను చెప్పను. ఆ సలహాకు సెబీలో (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నమోదైనవారిని అడగండి. ఇప్పుడు వారపు చార్టు తెర మీద పెడుతున్నాను, ప్రశ్నలుంటే అడగండి.