చందమామలో ఆ కథలు రాసిందెవరు?

[తెర మీద: భుజాన శవం, చేతిలో కత్తి, చీకట్లో నడుస్తున్న రాజు]

ఈ బొమ్మ చూడగానే పట్టు వదలని విక్రమార్కుడు గుర్తొచ్చేశాడు కదా? తర్వాతి వాక్యం కూడా నోట్లో తిరుగుతూ ఉంటుంది. సరే, బేతాళుడిలాగా నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. మీరు చిన్నప్పుడు చదివిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం సీరియల్స్ రాసిందెవరు? తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. తెలియకపోతే మాత్రం ఫర్వాలేదు, అది మీ తప్పు కాదు. ఆ పేరు పత్రికలో వేసేవారు కాదు.

ఈ వీడియోలో చందమామ చరిత్ర చెప్తాను. చెప్పేది ముఖ్యంగా ఈ కనపడని పేర్ల వైపు నుంచి.

[తెర మీద: పాత మద్రాసు వీధి, ప్రెస్సులో కదులుతున్న యంత్రం]

1947 జులై. స్వాతంత్ర్యం ఇంకో నెలలో వస్తుంది. మద్రాసు నుంచి తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామా ఒకేసారి వెలువడ్డాయి. తెలుగులో పిల్లల పత్రిక ఇదే మొదటిది అనుకోకండి. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారి 'బాల' అప్పటికే రెండేళ్ల నుంచి వస్తోంది.

చందమామ వెనక ఇద్దరున్నారు. ఒకరు కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన బి. నాగిరెడ్డి. ఆయన చేతిలో బి.ఎన్.కె. ప్రెస్సు ఉంది. రెండో ఆయన తెనాలి మనిషి, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. అందరికీ తెలిసిన పేరు చక్రపాణి. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చిన మనిషి ఆయన. తర్వాత వీళ్లిద్దరే విజయా సంస్థ పెట్టి 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీశారు. మాంత్రికుడు, గుహ, సాహసం, చివర్లో రాజకుమారితో పెళ్లి: పాతాళభైరవిలో ఉన్నవీ ఇవే, చందమామ సీరియల్లో ఉన్నవీ ఇవే. ఒకే ఇంటి వంట మరి.

నాగిరెడ్డి ప్రెస్సు, అచ్చు, వ్యాపారం చూసుకున్నారు. కథ ఎలా ఉండాలో తేల్చింది చక్రపాణి. పత్రిక మీద సంపాదకుడిగా కనపడిన పేరు కూడా ఆయనదే.

ఇక లోపల పని చేసిన ఆయన సంగతి.

[తెర మీద: కొడవటిగంటి కుటుంబరావు ఫోటో]

కొడవటిగంటి కుటుంబరావు. మనందరికీ కొ.కు. ఈయనదీ తెనాలే. 1952లో చందమామలో చేరి, 1980 ఆగస్టులో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు. బయట ఆయన మధ్యతరగతి జీవితాన్ని చీల్చి చూపించిన నవలాకారుడు, మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘం (విరసం) సభ్యుడు. ఆఫీసుకెళ్తే చేసే పని దెయ్యాలు, రాక్షసులు, మాయా తివాచీలు! ఇందులో వైరుధ్యం ఉందని కొందరంటారు. నాకైతే అలా అనిపించదు. ఆ కథలు ఒకసారి మళ్లీ చదవండి. రాక్షసుడు ఎంత పెద్దవాడైనా చివరికి తెలివైనవాడి చేతిలో ఓడిపోతాడు. దెయ్యాలు కూడా చాలాసార్లు మనుషుల కన్నా న్యాయంగా మాట్లాడతాయి.

కొ.కు. చేసిన అసలు పని భాష. జాతక కథలు, కథాసరిత్సాగరం, అరేబియన్ నైట్స్, ఎవరో ఊళ్లోంచి పోస్టులో పంపిన కథ, ఏదైనా ఆయన బల్ల మీదుగా వెళ్తే ఒకే గొంతులోకి మారిపోయేది. చిన్న చిన్న వాక్యాలు. వర్ణనలు తక్కువ. "ఒక ఊళ్లో ఒక రైతు ఉండేవాడు" అని మొదలుపెడితే రెండో వాక్యంలోనే ఆ రైతుకు ఏదో ఒక చిక్కు వచ్చి పడుతుంది. ఇలియడ్‌ను 'భువనసుందరి' అని, ఒడిస్సీని 'రూపధరుడి యాత్రలు' అని ఆయన తెలుగు చేశారు. గ్రీకు వీరుడు ఒడిస్యూస్ తెలుగు పిల్లలకు రూపధరుడు అయిపోయాడు. అది పరాయి దేశం కథ అని ఏ పిల్లాడికీ అనుమానం రాలేదు. నాకు మాత్రం కాలేజీకి వచ్చాక ఒడిస్సీ చదువుతుంటే "అరే, ఇది మన చందమామ కథ కదా" అనిపించింది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. ఆ సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం... భల్లూక మాంత్రికుడు... 1978 నాటికి మొత్తం పన్నెండు. నెలనెలా సరిగ్గా ప్రాణం మీదికి వచ్చిన చోట ఆపేసేవాడు మహానుభావుడు! మొసలి నోరు తెరిచింది, తరువాయి వచ్చే నెల. ఆ నెలంతా టెన్షన్. పిల్లలే కాదు, ఇంట్లో పెద్దవాళ్లు కూడా ముందు ఆ పేజీలే తిప్పేవాళ్లు. ఇంత చేసిన మనిషి పేరు చాలామంది పాఠకులకు తెలిసింది ముప్పై, నలభై ఏళ్ల తర్వాత, పాత చందమామలు ప్రాణంగా దాచుకున్న అభిమానులు తవ్వి తీశాక. ఆయన 2010లో చనిపోయారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బయటి నుంచి కథ పంపిన వాళ్ల పేరు చందమామ వేసేది. ఆఫీసులో కూర్చుని రాసిన వాళ్ల పేరే ఉండేది కాదు. అన్యాయమే. కానీ పేర్లు లేకపోవడం వల్లే మనకు ఆ కథలన్నీ ఒకే తాతయ్య చెప్తున్నట్టు వినిపించాయేమో అని కూడా అనిపిస్తుంది. ఈ రెంటిలో ఏది సరి అంటే, నేను కూడా విక్రమార్కుడిలాగా మౌనంగా ఉండలేను. పేరు వేసి ఉండాల్సింది.

[తెర మీద: చందమామ ముఖచిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి]

బొమ్మలు వేసినవాళ్లు కాస్త అదృష్టవంతులు, మూలన సంతకం పెట్టుకునే వీలుంది. దాసరి సీరియల్స్‌కు 'చిత్రా'. అసలు పేరు టి.వి. రాఘవన్. ఆ గుహలు, వింత జంతువులు ఆయన చేతివే. ఎం.టి.వి. ఆచార్య భారతం బొమ్మలు వేశారు. ముఖచిత్రం మీద 'వ.పా.' అని కనపడితే వడ్డాది పాపయ్య. ఆ రంగులు, ఆ నగలు, ఆడవాళ్ల కళ్లు ఎక్కడున్నా గుర్తుపట్టేస్తాం. ఇంకొకరు శంకర్. ఈ వీడియో మొదట్లో చూసిన విక్రమార్కుడు ఆయనవాడే. అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళుడు. అరవై ఏళ్లు చందమామకే బొమ్మలు వేశారు. 2020 సెప్టెంబరులో చనిపోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు.

బేతాళ కథల్లో ఒక తమాషా ఉంది. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదే. నెలకొకటి వేస్తే రెండేళ్లకు అయిపోవాలి. చందమామ మాత్రం ఆ చట్రం అలాగే ఉంచి, లోపల కొత్త కథ పెట్టి, చివర్లో ఒక ధర్మసందేహం తగిలించి దశాబ్దాలు నడిపింది. బేతాళుడు చెట్టెక్కుతూనే ఉన్నాడు, రాజు దించుతూనే ఉన్నాడు.

భాషలు కూడా అలాగే పెరిగాయి. 1949లో కన్నడం, హిందీ. తర్వాత మరాఠీలో చాందోబా, మలయాళంలో అంబిలి అమ్మావన్, గుజరాతీ. 1955లో ఇంగ్లీషు. ఆపైన ఒడియాలో జన్హమాము, బెంగాలీ, సంస్కృతం, సింహళం కూడా. బొమ్మలు అన్నిటికీ ఒకటే, అక్షరాలే వేరు. మద్రాసు వడపళనిలోని చందమామ బిల్డింగ్స్‌లో పుట్టిన రాజుగారు ఇన్ని భాషలు మాట్లాడాలంటే ఆయన ఏ ఊరివాడూ కాకూడదు. అందుకే ఆ కథల్లో ఊరికి పేరుండదు, ఉన్నా మ్యాపులో దొరకదు.

[తెర మీద: ఖాళీ ప్రెస్సు హాలు]

చివరి భాగం త్వరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు చెప్పబుద్ధి కాదు. 1975లో చక్రపాణి పోయారు. 1980లో కొ.కు. ఇంటింటికీ టీవీ వచ్చింది. 1998లో కార్మిక వివాదాల మధ్య పత్రిక ఆగింది. 1999 చివర్లో కొత్త పెట్టుబడితో మళ్లీ మొదలైంది. 2004లో నాగిరెడ్డి కన్నుమూశారు. 2007లో జియోడెసిక్ అనే ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది. పాత సంచికలు వెబ్‌సైట్‌లో పెట్టారు, దానికి మాత్రం దండం పెట్టొచ్చు. తర్వాత ఆ కంపెనీయే చిక్కుల్లో పడింది. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది.

[తెర మీద: ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు]

ఆమధ్య ఒక ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో పాత పుస్తకాలు వెతుకుతుంటే ఒక బైండు దొరికింది. ఎవరో చందమామల్లోంచి సీరియల్ పేజీలు మాత్రమే విడదీసి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, గట్టి అట్ట వేయించుకున్నారు. అట్ట మీద నీలం సిరాతో 'రాకాసిలోయ' అని రాసుంది. రచయిత పేరు కోసం కింద కొంచెం ఖాళీ వదిలారు. ఆ ఖాళీ అలాగే ఉంది.

బేరం ఆడకుండా కొన్నాను. ఇంటికొచ్చి, పెన్ను తీసి, అక్కడ దాసరి సుబ్రహ్మణ్యం అని రాశాను.