కడుపు నిండిన పిల్లల కబుర్లు
(ఒక ఫిల్మ్ సొసైటీలో ‘మెట్రోపాలిటన్’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభ్యులకు, పరీక్షలు దగ్గరపడినా తీరిక చేసుకుని వచ్చిన విద్యార్థులకు నమస్కారం. సినిమా మొదలయ్యే ముందు పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఆ పది నిమిషాల మాటను ఆయన రెండుసార్లు నొక్కి చెప్పడంలోని అంతరార్థం నాకు తెలియనిది కాదు కనుక, వందన సమర్పణను ఇక్కడితో కట్టిపెట్టి విషయానికి వస్తాను.

విట్ స్టిల్‌మన్ స్వయంగా రాసి, నిర్మించి, దర్శకత్వం వహించిన తొలి చిత్రం ‘మెట్రోపాలిటన్’ 1990లో వచ్చింది. కథ జరిగేది న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో, క్రిస్మస్ సెలవుల్లో. ఏ సంవత్సరమో చెప్పకుండా, మరీ అంత పాత కాలం కాదన్నట్టు తెర మీద ఒక్క ముక్క వేసి ఊరుకుంటారు. అది డెబ్యుటాంట్ బాల్‌ల కాలం. సంపన్న కుటుంబాల్లో పద్దెనిమిదేళ్లు వచ్చిన ఆడపిల్లలకు తెల్లని పొడవాటి గౌను తొడిగి, చేతులకు తెల్లని గ్లౌజులు వేసి, పెద్ద హోటల్ హాలులో సమాజానికి పరిచయం చేసే నృత్య విందును డెబ్యుటాంట్ బాల్ అంటారు. పరిచయమనే మర్యాద వెనుక జరిగే అసలు పని సంబంధాలు వెతకడమేనని ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంగ్లండులో ఈ పిల్లలను రాణిగారి ముందు హాజరుపరిచే ఆచారాన్ని 1958లో ఎత్తేశారు. రాజులూ రాణులూ లేని అమెరికాలో మాత్రం న్యూయార్క్ వారు 1954లోనే ఇంటర్నేషనల్ డెబ్యుటాంట్ బాల్ అని కొత్తగా ఒకటి మొదలుపెట్టి నిక్షేపంగా నడుపుకొచ్చారు. ఈ వైరుధ్యాన్ని గుర్తు పెట్టుకుంటే స్టిల్‌మన్ హాస్యం సగం అర్థమైనట్టే.

ఈ బాల్‌లకు అమ్మాయిల వెంట వెళ్లడానికి టక్సీడో, అంటే విందులకు వేసుకునే నల్ల సూటు, తొడుక్కున్న అబ్బాయిలు కావాలి, వాళ్లకు ఎప్పుడూ కరువే. ఆ కరువు పుణ్యాన, ఒక టాక్సీ దగ్గర జరిగిన చిన్న పొరపాటు పుణ్యాన, టామ్ టౌన్సెండ్ అనే కుర్రాడు అద్దె టక్సీడోతో శాలీ ఫౌలర్ అనే అమ్మాయి ఇంటి డ్రాయింగ్ రూమ్‌లో వచ్చి పడతాడు. అక్కడ రాత్రి రెండింటికో మూడింటికో అరడజను మంది పిల్లలు సోఫాల్లో కూలబడి దేవుడి నుంచి వర్గం దాకా, చొక్కా కాలరు నుంచి నాగరికత పతనం దాకా మాట్లాడుకుంటూ ఉంటారు. సినిమా అంతా దాదాపు ఇదే.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. నిజానికి ఈ సభకు ఒప్పుకోవడానికి కారణం కూడా అదే. కొన్నేళ్ల క్రితం మరొక చోట ఈ సినిమాను వేద్దామని నేను ప్రతిపాదించినప్పుడు, ఎంపిక సంఘంలో ఉన్న ఒక పెద్దమనిషి, ‘కడుపు నిండిన పిల్లల కబుర్లు మనకెందుకండీ’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. చూశారా అని అడిగితే, చూడనక్కర్లేదు, దాని మీద ఒక వ్యాసం చదివానన్నారు. అప్పుడు నాకు వచ్చిన నవ్వును ఎలా ఆపుకున్నానో ఆ పరమేశ్వరుడికే తెలియాలి. ఎందుకంటే ఈ సినిమాలో ఆడ్రీ అనే అమ్మాయి జేన్ ఆస్టెన్ నవల ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ను ప్రాణంగా ప్రేమిస్తుంది, టామ్ ఆ నవలను తీసిపారేస్తాడు, తీరా చూస్తే అతను దాన్ని చదవలేదు, దాని మీద అమెరికన్ విమర్శకుడు లయొనెల్ ట్రిల్లింగ్ రాసిన విమర్శ చదివాడు. నవలలు చదవననీ, మంచి విమర్శ చదివితే నవలాకారుడి ఆలోచనా విమర్శకుడి ఆలోచనా రెండూ ఒకేసారి దొరుకుతాయనీ బుద్ధిగా సెలవిస్తాడు. ఆ పెద్దమనిషి తనకు తెలియకుండానే ఈ సినిమాలో ఒక పాత్ర అయి కూర్చున్నారు.

అయినా ఆయన ఆక్షేపణను ఇలా పరిహాసంతో దాటేయడం న్యాయం కాదు, దానికి జవాబు చెప్పాలి. డబ్బు సంగతే చూడండి. ఈ సంపన్నుల సినిమా సుమారు 2,25,000 డాలర్లతో తయారైంది. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. స్టిల్‌మన్ తన అపార్ట్‌మెంటును 50,000 డాలర్లకు వదులుకుని మరీ ఆ పెట్టుబడిలో కొంత సమకూర్చుకున్నాడు. నటుల్లో చాలామందికి కెమెరా ముందు నిలబడడం అదే మొదటిసారి. బాల్‌లను వైభవంగా చూపే స్తోమత లేదు కనుక బాల్ ముగిశాక మిగిలిన రాత్రిని చూపించాడు. కథా కాలాన్ని అస్పష్టంగా ఉంచడం కూడా అలాంటి మేలే చేసింది: పాతకాలపు కార్లూ వీధులూ సృష్టించే ఖర్చు తప్పింది, పైగా ఆ పిల్లలు ఏ కాలానికీ చెందనివాళ్లలా కనిపించే గుణం అబ్బింది. ఇంత చేస్తే ఆ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. డబ్బు లేమి ఒక శైలిగా ఎలా మారుతుందో తెలుసుకోవాలని నిజంగా కోరిక ఉన్న యువ దర్శకులు ఇక్కడ ఎవరైనా ఉంటే, దయచేసి ఈ సినిమాలో గదులను చూడండి.

టామ్ కోటును కూడా చూడండి. న్యూయార్క్ డిసెంబరు చలిలో మిగిలినవాళ్లు మంచి ఓవర్‌కోట్లు వేసుకుంటే అతను రెయిన్‌కోటులో తిరుగుతూ, లోపల లైనింగ్ ఉంది, వెచ్చగానే ఉందని చెబుతాడు. తల్లిదండ్రులు విడిపోయారు, తండ్రి మరొక పెళ్లి చేసుకున్నాడు, తల్లితో కలిసి అతను ఊరి పడమటి వైపు చిన్న ఇంట్లో ఉంటాడు. బాల్‌లకు వెళ్లడం సిద్ధాంతరీత్యా తనకు ఇష్టం లేదంటాడు, పిలిస్తే మాత్రం మానడు. ఒక రోజు తండ్రి ఉండే భవనం ముందు, పేవ్‌మెంటు మీద చెత్తలో, తన చిన్ననాటి ఆటబొమ్మలు పెట్టెలతో సహా పారేసి ఉండడం చూస్తాడు. ఏడుపు లేదు, వెనుక నుంచి వయొలిన్ లేదు. కుర్రవాడు వంగి ఆ బొమ్మలను కెలుకుతాడు, అంతే. కడుపు నిండిన పిల్లల కబుర్లన్న పెద్దమనిషిని ఆ పేవ్‌మెంటు దగ్గరికి తీసుకువెళ్లి నిలబెట్టాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

ఇక నిక్ స్మిత్. క్రిస్ ఐగ్‌మన్ పోషించిన ఈ పాత్రలో మన గిరీశం పాలు చాలా ఉంది: నోరు తెరిస్తే లెక్చరు, ప్రతి అబద్ధానికీ ఒక నైతిక సమర్థన. విడిగా తగిలించుకునే కాలరు మాయమైపోవడం నాగరికతకే నష్టమన్నట్టు మాట్లాడతాడు. తనకు గిట్టని బారన్ బిరుదున్న రిక్ వాన్ స్లోనెకర్ వల్ల ఒక అమ్మాయి నాశనమైపోయిందని గుండెలు కరిగేలా కథ చెబుతాడు. నిలదీస్తే, అది నలుగురైదుగురి నిజాలను కలిపి అల్లిన పాత్ర అని ఏ మాత్రం జంకు లేకుండా ఒప్పుకుంటాడు. నిక్ వెళ్లిపోయాక సినిమా కొంచెం చప్పబడుతుందన్న మాట దాచను. వాన్ స్లోనెకర్‌ను దర్శకుడు మరీ పలచగా రాశాడు, చివర్లో టామ్, ఆ బృందంలోనే ఉండే చార్లీ కలిసి న్యూయార్క్ నుంచి టాక్సీలో సముద్రతీర పట్టణం సౌతాంప్టన్‌కు పరుగెత్తే ఘట్టం తొందరపాటుగా తోస్తుంది. ఈ పిల్లల విందులకు కారకులైన పనివాళ్ల వైపు కెమెరా తిరగదన్న ఆక్షేపణకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ ఆక్షేపణను సినిమా చూసినవాళ్లు చేస్తే నేను తల వంచి వింటాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంభాషణ ఒకటుంది. టామ్ తాను షార్ల్ ఫూరియే అనుచరుణ్ణంటాడు. ఫూరియే 1772లో పుట్టిన ఫ్రెంచి ఆదర్శవాద సోషలిస్టు. ఆయన భావాల ప్రభావంతో మసాచుసెట్స్‌లోని బ్రూక్ ఫార్మ్ అనే సమష్టి జీవన క్షేత్రం 1844లో తన పద్ధతులు మార్చుకుంది, కొత్తగా కడుతున్న పెద్ద భవనం 1846లో కాలిపోయింది, మరుసటి ఏడాదికి మూతపడింది. అది విఫలమైంది కదా అని చార్లీ అడుగుతాడు. లేకుండా పోయిందని ఒప్పుకుంటాను కానీ విఫలమైందని తేల్చి చెప్పలేమంటాడు టామ్. లేకుండా పోవడం కంటే వైఫల్యం ఏముంటుందని చార్లీ. అందరమూ ఎప్పుడో ఒకప్పుడు లేకుండా పోయేవాళ్లమే, అంతమాత్రాన అందరూ విఫలమైనట్టా అని టామ్. ఇద్దరికీ ఇరవై ఏళ్లు నిండాయో లేదో. నవ్వు వస్తుంది, నవ్వుతూనే ఆగిపోతాం. ఎందుకంటే వాళ్లు మాట్లాడుతున్నది బ్రూక్ ఫార్మ్ గురించి మాత్రమే కాదని అప్పటికి మనకు తెలిసిపోతుంది. తమ వర్గానికి ‘అర్బన్ ఓత్ బూర్జువాజీ’ (UHB), అంటే నగరపు పైస్థాయి సంపన్న వర్గం, అని పేరు పెట్టి, దాన్ని ‘ఉహ్బ్’ అని కుదించి, ఆ ఉహ్బ్‌లందరూ పతనానికే పుట్టారని పంచాంగం చెప్పినట్టు చెప్పే చార్లీ, ఒక బార్‌లో తమ తండ్రుల వయసు మనిషిని పట్టుకుని తన సిద్ధాంతాన్ని పరీక్షకు పెడతాడు. ఆ మనిషి జవాబును నేను ముందే చెప్పేస్తే మీరు నన్ను క్షమించరు. ఒక్కటి మాత్రం చెబుతాను: శాపం తగిలి చెడిపోయామనుకుంటే కొంత గౌరవమైనా మిగులుతుంది, ఆయన ఆ గౌరవాన్ని కూడా మిగల్చడు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క విన్నపంతో దిగిపోతాను. సినిమాలో ఒక చోట పిల్లలు నిజాలు చెప్పే ఆట ఆడదామంటారు. మనుషులు కొన్ని మాటలు దాచుకునే పద్ధతి ఊరికే రాలేదు, దానికి కారణాలున్నాయి, వద్దంటుంది ఆడ్రీ. ఎవరూ వినరు. టామ్ వంతు వచ్చి అతను నిజం చెబుతున్నప్పుడు మన కళ్లు సహజంగా మాట్లాడేవాడి వైపే పోతాయి. దయచేసి ఆ కాసేపు టామ్‌ను వదిలేసి ఆడ్రీని చూడండి. ఆ తర్వాత కడుపు నిండిన పిల్లల సంగతి మాట్లాడుకుందాం. సినిమా అయ్యాక నేను వెనుక వరుసలోనే ఉంటాను.